దానంతట అదే ఇరిగిందన్నోళ్లకు

మా మేనత్తను మీరే చంపిండ్రు. అటు ఇటు చూడకుండ్రి, మీ ఎనుక ఎవ్వరు లేరు. ఈ పేజీ చదువుతున్న మీతోనే మాట్లాడుతున్న.

పోయిన నెల ఒక ఆదివారం తెల్లారంగ పెద్ద దవాఖానల ఆమె పానం పోయింది. ఊపిరితిత్తుల నిండ నీళ్లు చేరినయ్. పండుకుంటె ఊపిరాడక, మంచం మీద కూసోనే పోయింది. ఫోన్ చేసింది మా మామ. "మీ అత్త అయిపోయింది అల్లుడా" అన్నడు. తర్వాత, "దుకాణం తాళంచెవి ఆమె కొంగుకే ఉండిపోయింది" అన్నడు.

దినాలకు వచ్చినోళ్లు తలా ఒక మాట అన్నరు. పసుపు కుంకుమలతోని పోయింది, ఎంత పుణ్యాత్మురాలు అన్నరు. మొగడు కండ్ల ముంగటుండంగ పోవుడు ఎందరికి దొరుకుతది అన్నరు. అన్నం తిని, చేతులు కడుక్కోని, పోయేటప్పుడు గడప కాడ నిలబడి, ఆయుష్షు తీరింది, మన చేతులేమున్నది అన్నరు. అంటే ఆయుష్షు దానంతట అదే తీరిందన్నట్టు. మా అత్త బతికినన్నాళ్లు ఒక్క మాటను అసహ్యించుకున్నదంటే అది 'దానంతట అదే' అన్న మాటనే. ఆఖరికి ఆమె చావుకు గూడ అదే మాట అంటించి పోయిండ్రు.

వరంగల్ మట్టెవాడ గల్లీల మా మామ పేరు బోర్డుతోని ఒక వెల్డింగ్ దుకాణమున్నది. అల్యూమినియం అతికే దుకాణం. మామూలు ఇనుప గేట్లు, మంచాలు అతికేటోళ్లు సందుకొకరున్నరు. అల్యూమినియం అట్ల అతకదు. దానికి ఆర్గాన్ గ్యాస్ కావాలె, ఓపిక కావాలె. అక్కడికి ఎక్కువగ వచ్చేది మీ బండ్లే. ఇప్పటి పెద్ద బండ్లకు వెనుక చక్రాన్ని పట్టుకునే జబ్బ ఉంటది. కంపెనీవాళ్లు స్వింగార్మ్ అంటరు, మన మెకానిక్‌లు చిమ్టా అంటరు. కొన్ని బండ్లకు అది అల్యూమినియంది. స్టాండు బిగించే చెవి గూడ దానికే పోతపోసి ఉంటది. ఆ చెవి ఖాళీ బండి బరువు మొయ్యనీకి పుట్టింది, అంతే.

మరి మీరేం చేస్తరు? చాయ్ హోటల్ ముంగట స్టాండేసి, దిగకుండ బండి మీదనే కూసుంటరు. మీ దోస్తు వచ్చి ఎనుక కూసుంటడు. రాజకీయాలు మాట్లాడుకుంట ముందుకు ఎనుకకు ఊగుతరు. స్టాండు మీదనే ఉండంగ యూరియా బస్తా ఎత్తుతరు, బస్తా మీద బామ్మర్దిని ఎత్తుతరు. ఒకనాడు చెవి టప్పున ఇరుగుతది. అప్పుడు బండిని ఆటోల ఏసుకోని దుకాణం ముంగటికి వచ్చి అనేది ఒక్కటే మాట. "దానంతట అదే ఇరిగింది ఉస్తాద్."

బెంచీ మీద కూసున్న మా మామ తలూపేటోడు. పరదా ఎనుక నుంచి ఒక గొంతు వచ్చేది. "దానంతట అది ఇరిగిందేదీ ఇంతవరకు ఈ గడప తొక్కలే."

ఉస్తాద్ పెండ్లాం నోరు జర పెద్దది అనుకోని మీరు నవ్వేటోళ్లు. మీ చెవి అతికేది ఆ నోరే అని మీకు తెల్వదు.

మామ కండ్లు అతికే మంట వెలుగుకే కరాబయినయ్. గీత గీతగ కనబడదు, రెండుగ కనబడుతది. అతికే చోటు రెండుగ కనబడెటోడు ఏం అతుకుతడు? అప్పటిదాంక పక్కన కూసోని బ్రష్షు కొట్టుడు, రాడ్ అందిచ్చుడు చేసిన అత్త, ఒకనాడు మామ చేతులకెళ్లి ఆ మంట పుట్టిచ్చే టార్చి గుంజుకున్నది. ఆయన కన్న మంచిగ అతికింది. ఆ మాట ఆమెనే చెప్పేది, మామ ముంగటనే చెప్పేది, ఇంటికొచ్చిన సుట్టాలకల్ల చెప్పేది. అణకువ ఆమె జాతకంల లేదు. "వరంగల్ చుట్టుపక్కల నా అతుకు తిరగని రోడ్డుంటే చూపియ్యి" అని నాతోని పందెం ఏసేది.

కాని మొదట్ల ఆడమనిషి అతుకుతాందని చూసినోళ్లు బండ్లు ఎనుకకు తీస్కపోయిండ్రు. అందుకే పరదా వచ్చింది. మందపు తార్పాలిన్ పరదా. ముంగట మామ, బెంచీ, ఫ్యాను, చాయ్. ఎనుక అత్త, సిలిండర్, కిటికీ లేని గది.

ఆర్గాన్ పనికి గాలి శత్రువు. గాలి తగిలితే గ్యాస్ చెదిరిపోయి అతుకుల పొక్కలు పడతయ్. అందుకని ఎండకాలం నడుమల గూడ ఆమె పని పట్టంగనే మామను కేకేసి ముంగటి ఫ్యాను గూడ బంద్ చేయించేది. ముంగటి ఫ్యాను గాలి పరదా దాటి రాదని నాకు తెలుసు, ఆమెకు గూడ తెలుసు. ఎందుకు అత్తా పాపం అంటే, "నేను ఉడుకుతాంటె వాళ్లు సల్లగ చాయ్ తాగుడేంది? ఉడకనియ్యి" అన్నది. చిన్న చిన్న పగలు తీర్చుకునుడంటే ఆమెకు పండుగ.

నర్సంపేట కాంట్రాక్టర్ ఒకాయన కథ గల్లీ మొత్తానికి తెలుసు. పని పట్టేటప్పుడు అత్త గాజులు తీసి పరదా పక్కన మేకుకు తగిలిచ్చేది. ముత్తైదువ గాజులు తీసి మేకుకు పెడతదా అని మా ఇంట్ల ముసలోళ్లు తిట్టినా ఇనకపోయేది. ఆ కాంట్రాక్టర్ ఆ గాజులు చూసిండు, పరదా జరిపి చూసిండు, ఆడిది పెట్టిన అతుకు ఆగుతదా అని చిమ్టా సంకల పెట్టుకోని పోయిండు. ఇంకెక్కడ్నో అతికిచ్చుకున్నడు. అది మల్ల ఇరిగింది. మల్ల ఈడికే వచ్చిండు. అత్త పరదా ఎత్తలే. లోపల్నుంచే చెప్పింది, రోడ్డు మీద నిలబడి నోరు తెరిచి అడుగు అని. పాపం ఆ మనిషి ఎండల నిలబడి, "అక్కా, నువ్వే అతుకు" అన్నడు. ఇనబడలే అన్నది. చాయ్ హోటల్ వాళ్లకు ఇనబడెదాంక అనిపిచ్చింది.

ఆ చెవిని మాత్రం ఎంత మంచిగ అతికిందంటే, పోతపోసినప్పుడు గూడ అంత అందంగ లేదు. నేను ఉడుక్కున్న. అట్ల అన్నోనికి అంత మంచిగ చేస్తవా అన్న. అత్త రాడ్ పక్కన పెట్టి నా దిక్కు చూసింది. "అతికేటప్పుడు పగ పెట్టుకోవద్దు అల్లుడా, చెయ్యి వణుకుతది. అతుకుడు అయిపోనియ్యి. తర్వాత తీరుబాటుగ పెట్టుకో."

నేను పేపర్లకు రాస్తనని ఆమెకు ఎగతాళి. నువ్వు రాసి ఇరగ్గొట్టేటోనివి, నేను కూసోని అతికేదాన్ని, మనిద్దరికి పొత్తు కుదరదు అనేది. ఆమె గురించి రాస్త అని ఎన్నోసార్లు అడిగిన. ఆడోళ్ల కష్టం, పరదా ఎనుక పని, అవన్ని రాయాలె అత్తా అన్న. "నేను బతికుండంగ రాస్తే ఈ రాడ్ తోనే కొడ్త. సచ్చినంక రాసుకో. అప్పుడైతే చదివే బాధ నాకు తప్పుతది" అన్నది. ఇగో, రాస్తున్న.

ఆమె పని చేసే తీరు చెప్పకపోతే ఆమెను ఎట్ల చంపిండ్రో మీకు తెల్వదు. ఇరిగిన చెవి వచ్చినంక ముందుగాల రంగు గీకేది. పగులు పొడుగునా కాలువ లెక్క కోసేది. స్టీలు బ్రష్షు కొట్టేది. తర్వాత గ్యాస్ మంటతోని మెల్లగ కాకబెట్టి, దోసె పెనం మీద చల్లినట్టు నీళ్ల చుక్క చల్లి చిటపట చూసేది. ఇనుమంటే ఆమెకు గౌరవం. "ఇనుము మంచిది, కాలితే మొకం ఎర్రగ చేసుకోని చెప్తది. అల్యూమినియం దొంగది. మొకం మారదు, రంగు మారదు. కడుపుల కాగి కాగి ఉన్నట్టుండి కారిపోతది." అతికినంక చిమ్టాను బూడిదల కప్పిపెట్టేది, మెల్లగ సల్లారాలని.

వీటన్నిటికి ముందు ఒక ప్రశ్న ఉండేది. ప్రతి బండికి, ప్రతి మనిషికి అదే ప్రశ్న. "దేనితోని కడిగిండ్రు?"

ఎందుకంటే కడిగింది ఏదైనా మంట కింద కాలుతది, కాలిన పొగ ఆమె ముక్కులకు పోతది. నూనె అంటే నూనె అని చెప్పాలె, పెట్రోల్ అంటే పెట్రోల్ అని చెప్పాలె. బ్రేకులు, చైన్లు కడిగే స్ప్రే డబ్బాలల్ల కొన్నిట్ల క్లోరిన్ కలిసిన మందు ఉంటది. మామూలుగ కడుక్కుంటె మురికి పోతది, అంతే. అదే తడి మీద ఆర్గాన్ మంట పడితే విషవాయువు పుడతది. మనుషులను చంపనీకి యుద్ధాలల్ల వాడిన వాయువు. అది అత్తకు తెలుసు. అందుకే అడిగేది. జవాబు నిజమైతే బతుకుతది, అబద్ధమైతే చస్తది. ఆమె పానం మొత్తం మీ నోటి మీద ఆధారపడ్డది.

హన్మకొండ రోడ్డు మీద ఒక షోరూం ఉన్నది. పేరు రాయ, రాస్తె పేపరు అచ్చెయ్యదు. ఆ షోరూం మేనేజర్ అల్యూమినియం పనులన్ని చాటుగ మా మామ దుకాణానికి పంపేటోడు. బండ్ల ఓనర్లకేమో హైదరాబాద్ల చేయించినం అని చెప్పేటోడు. పరకాలల ఎరువుల దుకాణం నడిపే ఒక ఆసామి బండి అక్కడికి పోయింది. స్టాండు చెవి ఇరిగింది. దానంతట అదేనట. గ్యారంటీ ఉన్న బండి, షోరూం కొత్త చిమ్టా ఏసియ్యాలె. ఆ ఖర్చు తప్పిచ్చుకోనీకి మేనేజర్ ముందుగాల చెవిని రెండు ముద్దలు కలిపి పిసికే సీల్ మందుతోని అతికిచ్చి, మీద నల్లరంగు ఏసి ఇచ్చిండు. అది ఎన్నడాగుతది? బస్తాలెక్కినయ్, ఇరిగింది. ఆసామి ఒర్రుకుంట వచ్చిండు. అప్పుడు మేనేజర్‌కు మట్టెవాడ యాదికొచ్చింది. ముద్ద పెట్టిన మచ్చ కనబడొద్దని చిమ్టాను స్ప్రే డబ్బాలతోని బాగ కడిగిచ్చి, తడి ఆరకముందే కవర్ల చుట్టి మెకానిక్‌తోని పంపిండు.

అత్త అడిగింది. దేనితోని కడిగిండ్రు? మెకానిక్ పెట్రోల్ అన్నడు. వాసన పడితే ఆమె పట్టుకునేదే, కాని ఆ రోజు పడిశం. చిమ్టా లోపల బోలుగ ఉంటది. ఆ బోలుల ఆ మందు నిలిచి ఉన్నది. పరదా మూసిన గదిల ఆమె టార్చి ఎలిగిచ్చింది.

నడుమల దగ్గుకుంట బయటికి వచ్చింది. గొంతు మండుతాందన్నది. మామ ఆపుమన్నడు, రేపు చేద్దువు తియ్యి అన్నడు. సగంల ఆపితే సల్లారి పగులుతది, ఇంకెంత, అయిపోవచ్చింది అని నీళ్లు తాగి మల్ల లోపలికి పోయింది. పని పూర్తి చేసింది. బూడిదల కప్పింది. చేతులు కడుక్కోని గాజులు ఏసుకున్నది.

మాపటికి రొమ్ము పట్టేసింది. గల్లీ డాక్టర్ ఏం పీల్చినవమ్మా అని అడిగిండు. మామ మేనేజర్‌కు ఫోన్ చేసి, దేనితోని కడిగిండ్రు సార్ అని అడిగిండు. పెట్రోల్ అన్నడు. పెట్రోలే గదా అని డాక్టర్ గోలీలిచ్చి ఇంటికి పంపిండు. రాత్రి జర నిమ్మళమైనట్టే అనిపిచ్చింది. తెల్లారి పెదవులు నీలంగైనయ్. పెద్ద దవాఖానకు తీస్కపోయినం. అక్కడి డాక్టర్ గూడ అదే అడిగిండు. మామ మల్ల ఫోన్ చేసిండు. మేనేజర్ మల్ల పెట్రోలే అన్నడు, ఎన్నిసార్లు అడుగుతవ్ ఉస్తాద్ అని విసుక్కున్నడు.

తర్వాత డాక్టర్ నాకు చెప్పిండు, ఆ వాయువు మొదట మనిషిని ఇడిసిపెట్టినట్టే చేస్తదట, ఆ తర్వాత ఊపిరితిత్తులు నింపుతదట. ముందే తెలిస్తే బతికేదా అని అడిగిన. "అది చెప్పలేను. ఇంటికైతే పంపకపోయేటోళ్లు. కదలనియ్యకుండ ఆక్సిజన్ పెట్టి కండ్ల ముంగట ఉంచుకునెటోళ్లు." అంటే ఆమెకు ఒక పోరాటమన్న దక్కేది. ఆ పోరాటాన్ని పెట్రోల్ అన్న ఒక్క మాట తినేసింది.

దినాల నాడు ఆ మెకానిక్ వచ్చిండు. పెండ్లాం పిల్లలున్న మనిషి. బంతిల కూసోలే, అన్నం ముట్టలే. చెప్పులేసుకునే కాడ నా చెయ్యి పట్టుకున్నడు. "అన్నా, అది పెట్రోల్ కాదు. స్ప్రే డబ్బా. స్ప్రే అంటె పని తిప్పి పంపుతరని, పెట్రోల్ అని చెప్పుమన్నది సార్." ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, అమ్మకు ఇట్లయితదని తెల్వదన్నా అన్నడు. నాలుగు మాటలు అందామనుకున్న. కాని గడప కాడికొచ్చి నిజం చెప్పింది ఆయన ఒక్కడే.

తెల్లారి షోరూంకు పోయిన. మేనేజర్ కుర్చీ ఏపిచ్చిండు, మంచినీళ్లు తెప్పిచ్చిండు. నేను ఒక్కొక్కటి చెప్తాంటె మొకం ఎర్రగ కాలే, తెల్లగ కాలే. అల్యూమినియం. అంత ఇని, మెల్లగ అన్నడు: "మీ అత్తగారు వెల్డింగ్ చేస్తరని నాకెట్ల తెలుస్తది సార్? నేను పని పంపింది ఉస్తాద్‌కు. ఉస్తాద్ మంచిగనే ఉన్నడు గదా."

ఇన్నరా? పరదా మీకోసం కట్టింది. మీరు ఎనుకకు పోవద్దని, మీ మగతనం నొచ్చుకోవద్దని ఆమె కట్టుకున్నది. ఆ పరదానే తీసి ఆ మనిషి ఒంటికి చుట్టుకున్నడు. స్టేషన్‌ల గూడ అదే జరిగింది. దుకాణం ఎవరి పేరు మీదున్నది? మామ పేరు మీద. చచ్చిందెవరు? గృహిణి. గృహిణి ఇంట్ల దగ్గి చచ్చిపోతే షోరూం మీద కేసెట్ల పెడతం అన్నరు. కాయిదంల లేని పనికి కాయిదంల చావుండదు.

మీరేమంటరో నాకు తెలుసు. మాస్కు పెట్టుకోవద్దా అంటరు. దుమ్ముకు కట్టుకునే గుడ్డ ఆ వాయువును ఆపదు. తలుపు తెరిచి చేసుకోవద్దా అంటరు. తెరిస్తే గ్యాస్ చెదురుతది, పైగా మీకు గాజులు కనబడుతయ్. పొగ గుంజే గొట్టం పెట్టుకోవద్దా అంటరు. పెట్టాలంటే గోడకు పొక్క కొట్టాలె, అద్దెకిచ్చినాయన గోడ ముట్టనియ్యలే. తప్పు మేనేజర్‌ది, మమ్ములనెందుకు అంటవ్ అంటరు. ఎందుకంటే ఆ మేనేజర్ మీలకెళ్లి వచ్చినోడే. బండి మీద ఊగి ఊగి చెవి ఇరగ్గొట్టి, దానంతట అదే ఇరిగింది అనే నోరు మీది. మెకానిక్ అడిగితే అబద్ధం, డాక్టర్ అడిగితే అబద్ధం, అతికేటామె అడిగితే అబద్ధం. మీది చిన్న అబద్ధం, ఆయనది పెద్దది. పోత మాత్రం ఒకటే.

క్షమించు అని చెప్పనీకి చానమంది వచ్చిండ్రు. పోయినామె రాదు, కోపం మంచిది కాదు అంటాండ్రు. మా అత్త నాకు అట్ల నేర్పలే. అతుకుడు అయిపోయినంక తీరుబాటుగ పగ పెట్టుకో అన్నది. ఆమె అతుకుడు అయిపోయింది. ఇప్పుడు నాకు కావలసినంత తీరుబాటున్నది. చెయ్యి గూడ వణుకుతలేదు.

మామ పరదా తీసేసిండు. బెంచీ మీద కూసుంటె ఇప్పుడు లోపలి దాంక కనబడుతది. స్టూలు, సిలిండర్, బూడిద తట్ట, మేకు. మేకుకు గాజులు లేవు, ఆమెతోనే పోయినయ్. మొన్న ఎవరో చిమ్టా పట్టుకోని వచ్చి, ఉస్తాద్, దానంతట అదే ఇరిగింది అన్నడట. మామ లోపలి దిక్కు చూసుకుంట కూసున్నడట, ఆ గొంతు వస్తదేమో అన్నట్టు.

పరకాల ఆసామి బండికి మాత్రం ఏం కాలే. ఆయనకు ఇప్పటిదాంక ఏం తెల్వదు. బస్తాలు ఎత్తుతాండు, దించుతాండు. ఎరువుల దుకాణం ముంగట ఆ బండి ఆమె ఆఖరి అతుకు మీద ఒరిగి నిలబడి ఉంటాంది.

నాకు కావలసినవి ఇవి:

మేనేజర్ స్టేషన్‌కు పోయి, ఆ చిమ్టాను దేనితోని కడిగిచ్చిండో తన నోటితోని చెప్పాలె. దవాఖాన నుంచి ఫోన్ పోయినప్పుడు గూడ పెట్రోల్ అని ఎందుకన్నడో చెప్పాలె.

మెకానిక్ చెప్పిన నిజానికి ఆయన నౌకరి పోవద్దు.

చచ్చిపోయింది పని చేసుకుంట చచ్చిపోయిన వెల్డర్ అని కాయిదంల రాయాలె. గృహిణి అన్న మాట కొట్టెయ్యాలె.

హైదరాబాద్ల చేయించినం అని చెప్పిన ప్రతి ఓనర్‌కు షోరూం ఫోన్ చేసి, అతికింది మట్టెవాడ ఆడమనిషి అని చెప్పాలె.

ఆ గది గోడకు పొక్క కొట్టాలె. అద్దెకిచ్చినాయన అడ్డం రావద్దు.

పరకాల ఆసామి ఒక్కసారి వంగి తన బండి చెవి చూడాలె.

దేనితోని కడిగినవ్ అని ఎవరన్న అడిగితే నిజం చెప్పుండ్రి. ఎట్ల ఇరిగింది అంటే, నేనే ఇరగ్గొట్టిన అనుండ్రి.

స్టాండేసిన బండి మీద కూసోనే ఇది చదువుతున్నట్టయితే, దిగుండ్రి.